నెల తప్పిన ఇంట్లో సిగరెట్టు

కెనడాలో ఈమధ్య కొన్న సిగరెట్టును వేళ్ల మధ్య తిప్పి చూస్తే ఫిల్టరు దగ్గర చిన్న అక్షరాలు కనిపిస్తాయి. హెచ్చరిక పెట్టె మీదే కాదు, సిగరెట్టు మీద కూడా ఉంటుంది. పొగాకు పొగ పిల్లలకు హాని చేస్తుందని ఒకదాని మీద, ప్రతి దమ్ములోనూ విషముందని ఇంకొకదాని మీద. 2023 ఆగస్టు 1న ఈ నిబంధన అమల్లోకి వచ్చింది. ఒక్కో సిగరెట్టు మీదా హెచ్చరిక అచ్చు వేయించిన మొదటి దేశం కెనడాయే. పెట్టెల మీద పెద్ద పెద్ద బొమ్మల హెచ్చరికలు 2001లో మొదట కనిపించిందీ ఇక్కడే.

ఇంత కళ్లకు కట్టేలా చెప్పినా చాలా తెలుగు ఇళ్లలో ఆ మాట ఎవరి మనసుకూ ఎక్కదు. ‘మన ఆడపిల్లలు సిగరెట్టు ముట్టరు కదా, ఇది మనకు సంబంధించిన సంగతి కాదు’ అనుకుంటారు.

నిజంగానే సంబంధం లేదా?

మూడు ఇళ్లను ఊహించుకోండి. బ్రాంప్టన్‌లో ఒక జంట. అమ్మాయికి మూడో నెల. భర్త ఇంట్లో తాగడు, గరాజులో తాగుతాడు. జనవరి చలికి గరాజు షట్టరు మూసే ఉంటుంది, గరాజులోంచి వంటింటి వైపు వచ్చే తలుపు మాత్రం రోజుకు పదిసార్లు తెరుచుకుంటుంది. ఇక రెండో ఇల్లు. కింద బేస్‌మెంటులో నలుగురు కుర్రాళ్లు అద్దెకుంటున్నారు, పైన గర్భిణి ఉంది. వేడిగాలి పంపే ఫర్నేసు ఒక్కటే, గొట్టాలు రెండు అంతస్తులకూ కలిసే ఉన్నాయి. కింద కాల్చిన పొగ పైన పడకగదిలో వాసనేస్తుంది. మూడో ఇంట్లో అమ్మాయే తాగుతుంది. చదువుకోవడానికి వచ్చి, రాత్రి పూట గోదాములో పని చేస్తూ, విరామంలో తోటివాళ్లతో నిలబడి మొదలుపెట్టింది. ఆ తర్వాత పెళ్లయింది, ఇప్పుడు నెల తప్పింది. ఆమె తాగుతుందన్న సంగతి భర్తకు తెలియదు, అత్తగారికి అసలే తెలియదు.

ఈ మూడో అమ్మాయి చేతికి సలహాల పుస్తకాలు చాలా అరుదుగా వస్తాయి. వచ్చినా అవి ఆమెను ముందు దోషిగా నిలబెట్టి తర్వాత మాట్లాడతాయి. ఈ అధ్యాయం అలా మాట్లాడదు. కడుపులో బిడ్డకు పొగ చేరకుండా చూడటం ఇంటిల్లిపాదీ చేయాల్సిన పని. దాన్ని గర్భిణి ఒక్కదాని నెత్తిన పెట్టి, పైగా ఆమె నోరు విప్పలేని పరిస్థితి కల్పిస్తే పొగ ఆగదు, రహస్యంగా సాగుతుంది.

ఇంతకీ బిడ్డకు ఏమవుతుంది?

సిగరెట్టు పొగలోని కార్బన్ మోనాక్సైడు తల్లి రక్తంలో ఆక్సిజన్ చోటును ఆక్రమిస్తుంది. బిడ్డకు అందే ప్రాణవాయువు ఆ మేరకు తగ్గిపోతుంది. నికోటిన్‌ను మాయ ఆపలేదు. అది బిడ్డ వైపు దాటిపోతుంది, అక్కడ దాని మోతాదు తల్లి రక్తంలో కన్నా కాస్త ఎక్కువగానే ఉంటుంది. మెదడు కణాలు ఎదిగి ఒకదానితో ఒకటి జతపడే నెలల్లో అక్కడ పనిచేసే సహజ సంకేతాలున్నాయి. నికోటిన్ సరిగ్గా వాటి చోటుకే వెళ్లి జోక్యం చేసుకుంటుంది. తాగే తల్లుల బిడ్డలు సగటున దాదాపు 200 గ్రాములు తక్కువ బరువుతో పుడతారు. నెలలు నిండకుండా కాన్పు కావడం, పుట్టిన తొలి నెలల్లో నిద్రలోనే బిడ్డ ప్రాణం పోవడం వంటి ప్రమాదాలు పెరుగుతాయి. వీటి మీద వైద్యుల్లో భిన్నాభిప్రాయం లేదు.

మనసు సంగతి ఇంత సూటిగా తేలలేదు. ఆ దారిలో ప్రపంచానికి తొలి ఆధారాలు ఇచ్చిన దేశాల్లో కెనడా ఒకటి. ఒట్టావాలోని కార్ల్‌టన్ విశ్వవిద్యాలయంలో పీటర్ ఫ్రీడ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1978లో గర్భిణులను కలిసి, వాళ్ల సిగరెట్టు, గంజాయి అలవాట్లు రాసుకున్నారు. వాళ్లలో ఎక్కువమంది మధ్యతరగతి కుటుంబాల వాళ్లే. ఆ పిల్లలు పుట్టి, బడికెళ్లి, మీసాలొచ్చే వయసు దాటేవరకూ ఆయన బృందం వాళ్లను పరీక్షిస్తూనే ఉంది. ఆరేళ్లప్పుడు, సిగరెట్టు సోకిన పిల్లల్లో ఆగలేనితనం, తొందరపాటు ఎక్కువగా కనిపించాయి. 13 నుంచి 16 ఏళ్ల వయసులో, చెవితో విన్నది గుర్తుంచుకునే శక్తిలో వెనకబాటు కనిపించింది.

తర్వాత క్విబెక్‌లోని సాగనే ప్రాంతంలో జ్డెంకా పౌసోవా, తోమాష్ పౌస్ అనే ఇద్దరు పరిశోధకులు దాదాపు వెయ్యిమంది కౌమార వయస్కులను పరీక్షించారు. అందులో సగం మందికి తల్లి కడుపులో పొగ సోకింది, సగం మందికి సోకలేదు. తల్లుల చదువు చూసి సరిసమానంగా జతలు కట్టారు, మెదడును ఎంఆర్‌ఐ తీశారు. తెలివితేటల పరీక్షల్లో రెండు గుంపులకూ తేడా రాలేదు! అయితే పొగ సోకిన పిల్లల్లో మత్తు పదార్థాలు రుచి చూసిన వాళ్లకు, నుదుటి వెనుక అడుగున మెదడు పైపొర పలచబడి కనిపించింది. ఇది కోరికను అదుపు చేయడంలో పాలుపంచుకునే భాగం. సోకని పిల్లల్లో ఇలాంటి లంకె దొరకలేదు.

ఫిన్లాండ్‌లో గర్భిణుల రక్తనమూనాలను దశాబ్దాలుగా భద్రపరుస్తున్నారు. తల్లి నోటిమాట మీద ఆధారపడకుండా ఆ రక్తంలోనే నికోటిన్ ఆనవాళ్లు కొలిచిన పరిశోధన 2016లో వచ్చింది. ఆనవాళ్లు బాగా ఎక్కువగా ఉన్న తల్లుల పిల్లల్లో పెద్దయ్యాక స్కిజోఫ్రీనియా అనే తీవ్ర మానసిక వ్యాధి వచ్చే అవకాశం 38 శాతం ఎక్కువగా తేలింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. స్వీడన్ పరిశోధకులు వేరే దారిలో వెళ్లారు. ఒక కాన్పప్పుడు తాగి, ఇంకో కాన్పప్పుడు మానేసిన తల్లుల పిల్లలను, అంటే సొంత అన్నదమ్ములను, అక్కచెల్లెళ్లను పక్కపక్కన పెట్టి చూశారు. అలా చూసినప్పుడు ఏడీహెచ్‌డీలో, అంటే కుదురు, ఏకాగ్రత లోపించే సమస్యలో, తేడా దాదాపు కనుమరుగైంది. అంటే ఆ లంకెలో కొంత పొగది కాదు. ఆ కుటుంబాల వంశవాహకాలది, ఇంటి పరిస్థితులది. ఈ వాదన ఇంకా నడుస్తోంది. కాబట్టి ‘నువ్వు తాగావు, అందుకే వీడికి ఏడీహెచ్‌డీ వచ్చింది’ అన్న మాట ఏ అత్తగారి నోటా, ఏ భర్త నోటా రాకూడదు. అలా తేల్చి చెప్పే హక్కు ఏ శాస్త్రవేత్తకూ లేదు. బరువు తగ్గడం, నెలలు నిండకుండా పుట్టడం మాత్రం పొగ వల్ల జరిగేవే. అలా పుట్టిన పిల్లలకు తర్వాత చదువులో, మనసులో ఇబ్బందులు ఎక్కువని వేరుగా తెలిసిన సంగతే. మానడానికి ఇంతకన్నా కారణం కావాలా?

ఇక చేయాల్సిన పనుల్లోకి వెళదాం.

1. ముందు ఇంట్లో పొగ దారులు వెతకండి

ఒక సాయంత్రం ఇద్దరూ కలిసి ఇల్లంతా తిరగండి. గరాజు తలుపు, బాత్రూం ఫ్యాను, బాల్కనీ తలుపు, ఫర్నేసు గాలి వచ్చే జాలీలు, కారు. ‘కిటికీ దించి తాగుతున్నానుగా’ అన్నది అందరూ చేసే పొరపాటు. కెనడా చలిలో ఎంతసేపు దించుతారు? నోవా స్కోషియా 2008లో, ఒంటారియో 2009లో పిల్లలున్న కార్లలో పొగతాగడాన్ని నిషేధించాయి. కానీ కడుపులో ఉన్న బిడ్డను ఆ చట్టాలు లెక్కలోకి తీసుకోవు. ఆ నియమం మీరే పెట్టుకోవాలి. ఇల్లు, కారు, గరాజు మూడింట్లో ఎవరూ తాగకూడదు. వారాంతంలో వచ్చే స్నేహితులకూ మినహాయింపు లేదు.

పొగ కింది వాటా నుంచో పక్క ఫ్లాటు నుంచో వస్తుంటే? గొడవతో మొదలుపెట్టకండి. ‘ఇంట్లో గర్భిణి ఉంది’ అన్న మాటకు చాలామంది కుర్రాళ్లు వెంటనే తగ్గుతారు. తగ్గకపోతే ఇంటి యజమానికి రాతపూర్వకంగా చెప్పండి. ఒంటారియోలో 2018 ఏప్రిల్ 30 నుంచి వాడుతున్న ప్రామాణిక అద్దె ఒప్పందంలో పొగతాగడం గురించి విడిగా ఒక భాగమే ఉంది. సంతకం చేసే ముందు ఎవరూ చదవని భాగం అదే. ఇల్లు మారబోతున్నారా? ఈసారి చదివి సంతకం చేయండి.

2. భర్త ముందు మానాలి

తాగే భర్తతో ఒకే ఇంట్లో ఉంటూ మానేయడం గర్భిణికి చాలా కష్టం. లైటరు చప్పుడు, చొక్కా వాసన, బల్ల మీద సగం పెట్టె, అన్నీ ఆమెను లాగుతూనే ఉంటాయి. ఆమె ఎన్నడూ తాగకపోయినా అతని పొగ ఆమెకు సోకుతుంది. పక్కవాళ్ల పొగ పీల్చిన గర్భిణుల బిడ్డల బరువు కూడా కొంత తగ్గుతుంది.

భర్తలు సాధారణంగా చెప్పేది ఒకటే. ‘ఆఫీసు ఒత్తిడి ఎక్కువగా ఉంది, బిడ్డ పుట్టాక మానేస్తాను.’ పుట్టాక ఒత్తిడి తగ్గుతుందని ఎవరు చెప్పారు? రాత్రుళ్లు నిద్రుండదు, ఖర్చులు పెరుగుతాయి, డేకేర్ వరుసలో పేరు రాయించుకోవాలి. మానడానికి ఈ తొమ్మిది నెలల కన్నా వీలైన కాలం ముందు రాదు.

భార్య ఎలా అడగాలి? ‘నీకు బిడ్డ మీద ప్రేమే లేదు’ అని మొదలుపెడితే మాట అక్కడే తెగిపోతుంది. ఇలా అడిగి చూడండి: ‘నాన్న కాబోతున్నావు. ఈ ఒక్క పని నా కోసం కాదు, మనిద్దరం కలిసి చేద్దాం. వచ్చే సోమవారం నుంచి మొదలుపెడదాం. నువ్వు ఆపు, నేను నీకు తోడుంటాను.’ తేదీ చెప్పండి, తోడుంటానని చెప్పండి. దెప్పిపొడవకండి.

3. డాక్టరుకు నిజం చెప్పండి

ఈ అధ్యాయంలో అన్నిటికన్నా ముఖ్యమైన అడుగు ఇదే. తెలుగు అమ్మాయిలకు అన్నిటికన్నా కష్టమైనదీ ఇదే.

తొలి పరీక్షలో నర్సు అడుగుతుంది, పొగ తాగుతారా, మద్యం తాగుతారా, గంజాయి వాడతారా అని. పక్కనే భర్త కూర్చుని ఉంటాడు. ఒక్కోసారి అతనే అనువదిస్తుంటాడు. భర్తకు తెలియని అలవాటును భర్త నోటితోనే చెప్పించడం ఎలా కుదురుతుంది? ‘లేదు’ అనేస్తుంది. ఆ ‘లేదు’ ఫైలులోకి ఎక్కుతుంది. ఇక ఆమెకు అందాల్సిన సాయం ఏదీ అందదు.

దీనికి ఒక దారుంది. కాస్త కుదురుకున్నాక, ‘ఒక ఐదు నిమిషాలు నేను ఒంటరిగా మాట్లాడాలి’ అని నర్సుతో చెప్పండి. కెనడా క్లినిక్కుల్లో అది వింత కోరిక కాదు, చాలా చోట్ల వాళ్లే భర్తను బయట కూర్చోమంటారు. భాష ఇబ్బందైతే బంధువులు కాకుండా దుబాసీ దొరుకుతారేమో అడగండి, ఫోనులో అనువదించే వాళ్లను చాలా ఆస్పత్రులు ఏర్పాటు చేస్తాయి. తర్వాత ఒక్క వాక్యం చాలు: ‘నేను రోజుకు ఇన్ని సిగరెట్లు తాగుతున్నాను, మానాలనుకుంటున్నాను, ఇంట్లో ఎవరికీ తెలియదు.’

చెబితే ఇంట్లో తెలిసిపోతుందా? ఒంటారియోలో 2004 నాటి ఆరోగ్య సమాచార గోప్యతా చట్టం ప్రకారం మీ అనుమతి లేకుండా మీ వైద్య వివరాలు భర్తకైనా చెప్పకూడదు. మిగతా రాష్ట్రాల్లోనూ ఇలాంటి రక్షణలున్నాయి. పీఆర్ (శాశ్వత నివాసం) దరఖాస్తు దెబ్బతింటుందేమోనన్న భయం కొందరిది. ప్రసూతి క్లినిక్కులో మీరు చెప్పిన మాట ఇమిగ్రేషన్ కార్యాలయానికి వెళ్లదు. పెద్దవాళ్లు సిగరెట్టు తాగడం ఈ దేశంలో నేరం కాదు. డాక్టరు మిమ్మల్ని చిన్నచూపు చూస్తే, ఆ తప్పు డాక్టరుది. ఇంకొకరి దగ్గరికి వెళ్లండి.

ఇక భర్తకు చెప్పాలా? అది ఆమె నిర్ణయం. అతను చెయ్యెత్తే మనిషైతే ముందు నర్సుకు ఆ సంగతి చెప్పాలి. అలాంటి భయం లేకపోతే చెప్పడమే మేలు. దాచి తాగేవాళ్లు దాచే మానాల్సి వస్తుంది. చిరాకు, నిద్రలేమి, కన్నీళ్లు ఎందుకొస్తున్నాయో ఇంట్లో ఎవరికీ అర్థం కాదు, తోడెవరూ ఉండరు.

4. తగ్గించుకోవడం దగ్గర ఆగిపోకండి

పదిహేను తాగే మనిషి ఐదుకు దిగితే గెలిచినట్టే అనిపిస్తుంది. కానీ ఒంటికి అలవాటైన నికోటిన్ కావాలి కదా. ఆ ఐదింటినీ గట్టిగా, లోతుగా, చివరిదాకా పీలుస్తారు. బిడ్డకు తగ్గేది అనుకున్నంత ఉండదు. తేదీ పెట్టుకుని పూర్తిగా మానడమే లక్ష్యం కావాలి. రెండు వారాలకు మించి దూరం పెట్టకండి, ముహూర్తం కోసం పంచాంగం తిరగేయకండి.

ధైర్యమిచ్చే మాట ఒకటుంది. న్యూజిలాండ్, ఆస్ట్రేలియాల్లో తొలిచూలు గర్భిణులపై జరిగిన పరిశోధన 2009లో వెలువడింది. 15 వారాల లోపు మానేసిన వాళ్లకు, అసలు తాగని వాళ్లకు మధ్య, నెలలు నిండకుండా కాన్పు కావడంలో గానీ బిడ్డ బరువులో గానీ తేడా కనబడలేదు. 15 వారాలు దాటిపోయాయా? అయినా మానండి. కార్బన్ మోనాక్సైడు ఒకటి రెండు రోజుల్లో రక్తంలోంచి వెళ్లిపోతుంది. బిడ్డ ఎక్కువ బరువు పెరిగేది చివరి మూడు నెలల్లోనే.

‘మానితే ఒత్తిడి వస్తుంది, ఒత్తిడి బిడ్డకు ఇంకా చెడ్డది’ అని ధైర్యం చెప్పే స్నేహితురాళ్లు ఉంటారు. గర్భంలో ఒత్తిడి చిన్న విషయం కాదన్నది నిజమే. 1998 జనవరిలో క్విబెక్‌ను మంచుతుఫాను ముంచెత్తి, లక్షల ఇళ్లలో రోజుల తరబడి, కొన్నిచోట్ల వారాల తరబడి కరెంటు పోయింది. అప్పుడు గర్భంతో ఉన్న స్త్రీల పిల్లలను మాంట్రియల్‌లో సుజేన్ కింగ్ బృందం ఏళ్ల తరబడి గమనించింది. ఎక్కువ ఇక్కట్లు పడ్డ తల్లుల పిల్లలు తొలి ఏళ్లలో మాటల్లో, తెలివి పరీక్షల్లో వెనకబడ్డారు. కానీ సిగరెట్టు ఒత్తిడిని తీర్చడం లేదు. ముందు సిగరెట్టు తెచ్చిన వెలితిని తర్వాతి సిగరెట్టు పూడుస్తోంది, అంతే. మానేసిన వాళ్లలో కొన్ని వారాలకు ఆందోళన, దిగులు తగ్గుతున్నట్టే పరిశోధనలు చెబుతున్నాయి.

5. కోరిక పుట్టిన ఆ ఐదు నిమిషాలు

కోరిక తన్నుకొస్తుంది, కొద్ది నిమిషాల్లో చల్లారుతుంది. ఆ కాసేపు దాటించే ఉపాయం ముందే సిద్ధం చేసుకోవాలి. గ్లాసెడు నీళ్లు మెల్లగా తాగండి, రెండు సోంపు గింజలు నమలండి, అమ్మకు ఫోన్ చేయండి, గది మారండి. భోజనం తర్వాత చెయ్యి జేబులోకి పోతుందా? కంచం ఎత్తిన వెంటనే గిన్నెలు కడగండి, లేదా కోటు వేసుకుని వీధి చివరదాకా నడవండి. మొదటి మూడు నాలుగు రోజులే గట్టిగా ఉంటుంది.

ఒక పొరపాటు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. సిగరెట్టు బదులు వక్కపొడి, జర్దా కిళ్లీ, ఊరి నుంచి సూట్‌కేసులో వచ్చిన ఖైనీ వేసుకోవడం. జర్దాలో, ఖైనీలో ఉన్నది పొగాకే. నమిలినా నికోటిన్ బిడ్డకు చేరుతుంది. వక్క దానంతట అదే వ్యసనం.

6. గమ్ము, పట్టీ, వేపు

మాటసాయంతో, పట్టుదలతో మానడం గర్భంలో మొదటి దారి. అది చాలకపోతే నికోటిన్ గమ్ము, బిళ్లలు, పట్టీ ఉన్నాయి. వీటిని డాక్టరును అడిగి వాడాలి. కెనడా వైద్య మార్గదర్శకాలు గమ్ము, బిళ్లల వైపు ముందు మొగ్గుతాయి. పట్టీ వాడితే రాత్రి తీసేయమంటాయి. గర్భిణి శరీరం నికోటిన్‌ను మామూలు కన్నా దాదాపు 60 శాతం వేగంగా ఖర్చు చేస్తుంది. అందుకే ఆమెకు కోరిక తొందరగా తిరిగొస్తుంది. ‘నాకు మనోబలం లేదు’ అని తనను తాను తిట్టుకునే అమ్మాయికి ఈ సంగతి ఎవరైనా చెప్పాలి.

వేపు (ఈ-సిగరెట్టు) పొగ కాదు కదా? పొగ కాకపోవచ్చు, నికోటిన్ మాత్రం అదే. కెనడా 2021లో వేపు ద్రవంలో నికోటిన్‌ను మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములకు పరిమితం చేసింది. ఆ పరిమితి గర్భిణులను దృష్టిలో పెట్టుకుని పెట్టింది కాదు. మామిడిపండు వాసన వచ్చినంత మాత్రాన బిడ్డ మెదడుకు తేడా తెలియదు.

7. వాంతులకు గంజాయి వద్దు

2018 అక్టోబరు 17న కెనడాలో గంజాయి చట్టబద్ధమైంది. దుకాణంలో దొరుకుతోంది కాబట్టి మంచిదేనన్న భావం పెరిగింది. వేవిళ్లకు పనిచేస్తుందని తోటి అద్దెదారో, పనిచోట స్నేహితురాలో చెబుతారు. ఒంటారియోలో 2007 నుంచి 2012 వరకు జరిగిన ఐదు లక్షల కాన్పుల వివరాలను ఒట్టావా పరిశోధకులు విశ్లేషించి, 2020లో ఫలితాలు ప్రకటించారు. వెయ్యిమంది పిల్లలను ఏడాది పాటు గమనిస్తే, గర్భంలో గంజాయి సోకిన వాళ్లలో నలుగురికి ఆటిజం నిర్ధారణ అయింది. సోకని వాళ్లలో ఆ లెక్క 2.42. గంజాయే కారణమని ఇది రుజువు చేయలేదు. కానీ సురక్షితమని చెప్పే ఆధారమూ లేదు. వేవిళ్లకు గర్భంలో వాడదగ్గ మందులున్నాయి, ఫ్యామిలీ డాక్టరు రాసిస్తారు.

8. పురుడు అయ్యాక

కెనడా ప్రజారోగ్య సంస్థ చేయించిన ప్రసూతి అనుభవాల సర్వే ఒక చేదు నిజం బయటపెట్టింది. గర్భంలో మానిన వాళ్లలో దాదాపు సగం మంది కాన్పు తర్వాత మళ్లీ మొదలుపెట్టారు. ఎందుకు? బిడ్డ బయటికొచ్చాక ఇక ఫర్వాలేదనుకుంటారు. పురుడు పోయడానికి ఊరి నుంచి వచ్చిన అమ్మ వీసా గడువు అయిపోయి వెళ్లిపోతుంది. భర్త డ్యూటీకి వెళతాడు. బయట మంచు. నాలుగు గోడల మధ్య ఏడ్చే పసిబిడ్డ, నిద్రలేని తల్లి. ఆ మధ్యాహ్నం చెయ్యి అలవాటైన చోటికి పోతుంది.

అమ్మ ఉన్నప్పుడే, ఆమె వెళ్లాక ఎవరు రోజూ ఫోన్ చేస్తారో, ఎవరు వారానికొకసారి వచ్చి బిడ్డనెత్తుకుంటారో మాట్లాడుకోండి. రెండు వారాలు దాటినా ఏడుపు ఆగకపోతే, బిడ్డ మీద మనసు పోకపోతే అది బాలింత దిగులు కావచ్చు. దానికి చికిత్స ఉంది, ఆలస్యం చేయొద్దు. ఎప్పుడో ఒకటి తాగారా? పాలివ్వడం ఆపకండి. తాగాక కొంత వ్యవధి ఇచ్చి, చేతులు కడిగి, పై బట్ట మార్చి పాలివ్వండి. మర్నాడు మళ్లీ మానండి.

‘మా అమ్మమ్మ అడ్డపొగ తాగేది, ఎనిమిది మందిని కంది, ఎవరికేమైంది?’ అనే మాట శ్రీకాకుళం, విశాఖ వైపు వాళ్ల నోట వినపడుతుంది. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చిన ఆ తల్లులకు అంగిట్లో కేన్సర్లు వచ్చాయని 1960ల నుంచీ వైద్యులు నమోదు చేస్తూ వచ్చారు. ఇక పిల్లల సంగతా? పుట్టగానే ఎవరు తూచారు? పోయిన పిల్లలను ఎవరు లెక్కపెట్టారు? బడిలో కుదురుగా కూర్చోలేని పిల్లాణ్ణి పంతులు బెత్తంతో కొట్టాడే తప్ప, వాడికేదో సాయం కావాలని ఎవరనుకున్నారు?

ఇప్పటికే పొగ సోకి ఉంటే

మీ బిడ్డకు ఇప్పుడు రెండేళ్లో, ఆరేళ్లో కావచ్చు. గర్భంలో తాగినట్టు మీకొక్కరికే తెలుసు. ఇది చదువుతుంటే గుండె బరువెక్కి ఉంటుంది. పైన చెప్పిన లెక్కలన్నీ గుంపులవి, మీ బిడ్డవి కావు. పొగ సోకిన పిల్లల్లో చాలామందికి ఏ మానసిక సమస్యా రాదు. చేయగలిగింది ఒకటి, బిడ్డను కాస్త ముందుగా, కాస్త శ్రద్ధగా గమనించడం.

ఒంటారియోలో పద్దెనిమిదో నెలలో ప్రత్యేకంగా ఒక పరీక్ష ఉంటుంది. మాట, నడక, ఆట, కలివిడితనం అన్నీ అందులో చూస్తారు. దానికి ముందు తల్లిదండ్రులు నింపే ప్రశ్నల పట్టిక ఒంటారియో ఉత్తరాన నిపిసింగ్ ప్రాంతంలో పుట్టింది, లుక్‌సీ అనే పేరుతో ఇప్పుడు చాలాచోట్ల వాడుతున్నారు. ‘మనవాడు తెలుగు, ఇంగ్లీషు రెండూ వింటున్నాడు, అందుకే మాటలు ఆలస్యం’ అని మీరే సర్దిచెప్పుకోకుండా, ఆ పట్టిక నిజాయితీగా నింపండి. గర్భంలో పొగ సోకిందని ఆ రోజు డాక్టరుతో చెప్పండి. బడిలో చేరాక టీచరు ‘కుదురు లేదు’ అన్నప్పుడు కోపం తెచ్చుకోకుండా, ఎప్పుడు, ఏ పనిలో, ఎంతసేపు అని అడిగి రాసుకోండి. ఆ కాగితం పిల్లల డాక్టరుకు చాలా పనికొస్తుంది. బిడ్డ పెరుగుతున్న ఇంట్లో ఇప్పటికీ ఎవరైనా తాగుతుంటే, ఒకటో అడుగు నుంచి మళ్లీ మొదలుపెట్టాలి.

మానడానికి సాయం కోసం కెనడా అంతటా ఉచితంగా పనిచేసే నంబరు 1-866-366-3667. సిగరెట్టు పెట్టె మీద కూడా ఇదే ఉంటుంది. చాలా రాష్ట్రాల్లో 811కు ఫోన్ చేసి నర్సుతో మాట్లాడవచ్చు. ఇండియాలో ఉన్న మరిదికో, తమ్ముడికో కావాలంటే అక్కడి జాతీయ నంబరు 1800-11-2356. ఫోనెత్తగానే ‘గర్భిణిని’ అని గానీ, ‘మా ఆవిడ గర్భవతి’ అని గానీ ముందే చెప్పండి. మందులు, మోతాదుల సలహా దాన్ని బట్టే ఇస్తారు.